గోడలో పురుగు, గుండెలో జబ్బు | కార్లోస్ షాగస్ కథ

"అన్నా, డల్లాస్ రోజుల గురించి ఎప్పుడు చెప్తావ్?" అని కామెంట్స్‌లో చాలా రోజులుగా అడుగుతున్నారు కదా. ఈరోజు చెప్తాను. కానీ శాలరీ, వీసా కబుర్లు కావు. అవి కావాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు, నేనేం అనుకోను.

2022లో మా కంపెనీ నన్ను పది నెలలు ఆన్‌సైట్‌కి పంపింది. వెళ్లిన నాలుగో నెలలో ఒకరోజు ఆఫీసు పార్కింగ్‌లో బ్లడ్ డొనేషన్ బస్సు వచ్చి ఆగింది. బీటెక్‌లో ఉన్నప్పుడు ఎన్ఎస్ఎస్ క్యాంపులో రెండుసార్లు రక్తం ఇచ్చినవాణ్ణి, భయం లేదు. పైగా ఇచ్చినవాళ్లకి టీషర్ట్ ఫ్రీ. వెళ్లి లైన్లో నిలబడ్డాను. అక్కడ కూర్చున్నావిడ నా ఫారం చూసి, "ఇండియా నుంచి వచ్చి ఎన్నాళ్లయింది?" అంది. నాలుగు నెలలన్నాను. "సారీ, మలేరియా ఉన్న దేశంలో పెరిగినవాళ్లు ఇక్కడికొచ్చి మూడేళ్లు అయ్యేదాకా ఇవ్వకూడదు" అంది. టీషర్ట్ కూడా ఇవ్వలేదు.

నా వెనకాల మా టీమ్‌లో టెస్టింగ్ చూసే ఆయన నిలబడ్డాడు. ఎల్ సాల్వడార్ ఆయన. పంతొమ్మిదేళ్లప్పుడు అమెరికా వచ్చాడు, అప్పటికి నలభై నాలుగు. నాకు ఆఫీసులో దొరికిన మొదటి ఫ్రెండ్. రక్తం ఇచ్చి, బిస్కెట్ తింటూ వచ్చి, "నీ రక్తం పనికిరాదట కదా" అని రోజంతా ఏడిపించాడు. ఆయన పేరు చెప్పను. ఈ ఎపిసోడ్ చేస్తున్నానని ముందే అడిగాను, చెప్పుకో అన్నాడు.

మూడు వారాల తర్వాత బ్లడ్ బ్యాంకు నుంచి ఆయన ఇంటికి ఒక లెటర్ వచ్చింది. మీ రక్తానికి షాగస్ వ్యాధి టెస్ట్ చేశాం, పాజిటివ్ వచ్చింది, మీ రక్తం వాడటం లేదు, మీ డాక్టర్ని కలవండి. ఇంతే. ఆయన వెంటనే తన డాక్టర్ దగ్గరికి వెళ్లాడు. ఆ డాక్టర్ లెటర్ రెండుసార్లు చదివి, కంప్యూటర్లో ఏదో వెతికి, "నువ్వు బానే ఉన్నావు కదా, కంగారు పడకు" అని పంపించేశాడు. బీపీ చూసి పంపాడంట, ఈసీజీ కూడా తీయలేదు.

మర్నాడు క్యాంటీన్‌లో ఆయన ఆ లెటర్ నా ముందు పెట్టి, "నువ్వు ప్రతిదీ చదువుతావు కదా, ఇదేంటో చదివి చెప్పు" అన్నాడు. నేను అప్పటిదాకా ఆ పేరే వినలేదు. ఆ రాత్రి చదవడం మొదలుపెట్టాను. తెల్లారింది. ఆ తర్వాత నేను ఉద్యోగం మానేసి ఈ వీడియోలు మొదలుపెట్టడానికి ఆ రాత్రి కూడా ఒక కారణం, అది ఇంకోసారి చెప్తాను.

ఇప్పుడు కథలోకి వెళ్దాం. దీనికి మన హైదరాబాద్ నుంచే ఒక దారి ఉంది.

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ అనే ఆర్మీ డాక్టర్ ఒక దోమ పొట్ట కోసి చూసి, మలేరియా పరాన్నజీవిని కనిపెట్టాడు. బేగంపేటలో ఆ బిల్డింగ్ ఇప్పటికీ ఉంది, మీలో చాలామంది దాని ముందు నుంచి వందసార్లు వెళ్లుంటారు. రాస్ విషయంలో వరస ఏంటంటే, జబ్బు ముందే తెలుసు, వేల ఏళ్లుగా తెలుసు. అందులో ఉండే క్రిమి అంతకు కొన్నేళ్ల ముందే దొరికింది. దాన్ని మోసేది ఎవరన్నది చివర్న దొరికింది. అంటే రోగి నుంచి దోమ దాకా వెళ్లారు. వైద్యంలో మామూలుగా దారి ఇలాగే ఉంటుంది.

పన్నెండేళ్ల తర్వాత బ్రెజిల్‌లో ఒకాయన ఈ దారిలో వెనకనుంచి ముందుకొచ్చాడు. ముందు పురుగు దొరికింది. తర్వాత క్రిమి. తర్వాత జంతువులు. ఆఖర్న మనిషి. జబ్బు ఏంటో ఎవరికీ తెలియకముందే దాని కారణం మొత్తం ఆయన చేతిలో ఉంది. మన భాషలో చెప్పాలంటే, టికెట్ ఎవరూ రైజ్ చేయకముందే రూట్ కాజ్ దొరికింది. ఆయనే కార్లోస్ షాగస్. ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి చాగస్ అని చదువుతాం గానీ, వాళ్ల పోర్చుగీసులో షాగస్.

1879లో మినాస్ జెరైస్ అనే రాష్ట్రంలో కాఫీ తోటల కుటుంబంలో పుట్టాడు. రియోలో డాక్టరీ చదివాడు, మలేరియా మీద థీసిస్ రాశాడు. అప్పుడు రియోలో ఓస్వాల్డో క్రూజ్ అని పెద్ద శాస్త్రవేత్త, ఆయన ఇన్‌స్టిట్యూట్‌కి మంచి పేరు. 1907లో ఏమైందంటే, మినాస్ జెరైస్‌లో కొత్త రైల్వే లైను వేస్తున్నారు, కూలీలందరూ మలేరియాతో పడిపోతున్నారు, పని ఆగిపోయింది. క్రూజ్ షాగస్‌ని అక్కడికి పంపాడు. ఊరి పేరు లాసాన్స్.

అక్కడ ఆయన మకాం ఒక రైలు పెట్టె. పడుకునేది అందులోనే, మైక్రోస్కోప్ అందులోనే, రోగుల్ని చూసేది కూడా అందులోనే. సంవత్సరం పైన అలాగే గడిపాడు. ఒకరోజు రైల్వే ఇంజినీర్ల పెద్ద, కాంటరినో మోటా అని, ఆయనకి ఒక పురుగు చూపించాడు. మన నల్లికి పెద్దన్నయ్య లాంటిది. ఈ చుట్టుపక్కల కూలీల ఇళ్లల్లో ఇవి తెగ ఉంటాయి, పగలు గోడ నెర్రెల్లో దాక్కుంటాయి, రాత్రి దీపం ఆర్పగానే బయటికొచ్చి నిద్రపోయేవాళ్ల మొహం మీద కుట్టి రక్తం తాగుతాయి అని చెప్పాడు. మొహం మీద పని కాబట్టి దానికి ఊళ్లో పేరు బార్బెయిరో, అంటే బార్బర్.

ఈ కథ నేను ఫోన్లో మా అమ్మకి చెప్తే, "మా చిన్నప్పుడు నులక మంచం ఎండలో వేసి దులిపితే నల్లులు రాలేవి, అవి కుడితే గుండె జబ్బు వస్తుందా ఏంటి?" అని కంగారు పడింది. లేదమ్మా, మన నల్లి వేరు, అది వేరు, ఆ జబ్బు అక్కడి అమెరికా ఖండాల్లోది అని చెప్పాల్సి వచ్చింది. మీకూ అదే డౌట్ వచ్చుంటుంది కాబట్టి చెప్తున్నాను.

రాస్ దోమని కోసినట్టే షాగస్ ఆ పురుగుని కోశాడు. పేగులో తోకతో ఈదుతున్న ఒక ఏకకణ జీవి కనిపించింది. ఇది పురుగుదేనా, లేక వేరే జంతువు నుంచి పురుగులోకి వచ్చిందా? లాసాన్స్ కోతుల్లో అప్పటికే వేరే క్రిమి తిరుగుతోంది, కాబట్టి అక్కడ ప్రయోగం చేస్తే ఏది దేనిదో తెలీదు. అందుకని పురుగుల్ని రియోకి, క్రూజ్‌కి పంపాడు. అక్కడ ల్యాబ్‌లో ఏ క్రిమీ లేని మార్మోసెట్ కోతులున్నాయి, గుప్పెట్లో పట్టేంత బుల్లి కోతులు. పురుగులు వాటిని కుట్టాయి. కొన్ని వారాలకి వాటికి జబ్బు చేసింది, రక్తంలో ఆ క్రిమి నిండిపోయింది. షాగస్ దానికి తన గురువు పేరు పెట్టాడు, ట్రిపనోసోమా క్రూజీ అని.

ఇక్కడితో ఒక పేపర్ రాసేసి ఊరుకోవచ్చు. చాలామంది అదే చేసేవాళ్లేమో. ఆయనకి మాత్రం ఒక ప్రశ్న వదల్లేదు. ఈ పురుగులు ఉండేది మనుషుల ఇళ్లల్లో, తాగేది మనుషుల రక్తం. మరి ఈ క్రిమి ఉన్న మనిషి ఎక్కడ? లాసాన్స్‌కి తిరిగొచ్చి ఇల్లిల్లూ తిరిగాడు. ముందు ఒక పిల్లిలో దొరికింది. ఆ తర్వాత 1909 ఏప్రిల్ 14న, జ్వరంతో ఉన్న రెండేళ్ల పాప రక్తంలో దొరికింది. పాప పేరు బెరెనీస్. ఆ రోజునే ఇప్పుడు ప్రపంచ షాగస్ వ్యాధి దినంగా జరుపుతున్నారు, 2020 నుంచి. ఆయనకి అప్పటికి ఇంకా ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. నా వయసు. నేను ఇక్కడ రింగ్ లైట్ పెట్టుకుని మాట్లాడుతున్నాను.

ఒక్క మనిషి, క్రిమినీ దాన్ని మోసే పురుగునీ అది దాగే జంతువుల్నీ మనుషుల్లో వచ్చే జబ్బునీ అన్నిటినీ తనే కనిపెట్టడం వైద్య చరిత్రలో చాలా అరుదు. మీరు ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా ఈ పాయింటు దగ్గరే ఆగుతారు. నాకు మాత్రం అసలు కథ ఇక్కడ మొదలవుతుంది అనిపించింది. ఎందుకంటే బెరెనీస్‌లో అది కనిపించడానికి ఒక కారణం ఉంది. ఆ పాపకి అప్పుడే అంటుకుంది.

దీని పద్ధతి చెప్తాను, జాగ్రత్తగా వినండి. పురుగు కుట్టేటప్పుడు అక్కడే విసర్జన చేస్తుంది. క్రిమి ఉండేది అందులో. మనం నిద్రలో గోక్కుంటే ఆ గాయంలోంచో, చేత్తో కన్ను నులిమితే కంట్లోంచో లోపలికి వెళ్తుంది. షాగస్ మొదట్లో పురుగు కాటులోంచే వస్తుంది అనుకున్నాడు. అది తప్పని 1912లో ఎమిల్ బ్రూంప్ట్ అనే ఫ్రెంచ్ ఆయన చూపించాడు. లోపలికి వెళ్లాక మొదటి రెండు నెలలు రక్తంలో క్రిములు బాగా ఉంటాయి. మైక్రోస్కోప్‌లో చుక్క రక్తం పెడితే ఈదుతూ కనిపిస్తాయి. కానీ ఆ రెండు నెలల్లో మనిషికి ఏమవుతుంది? చాలామందికి ఏమీ కాదు. లేదంటే కొంచెం జ్వరం, ఒళ్లునొప్పులు. పల్లెటూళ్లో జ్వరానికి ఎవరు మైక్రోస్కోప్ పెడతారు? తగ్గిపోతుంది, మర్చిపోతారు.

ఆ తర్వాత క్రిమి రక్తంలోంచి దాదాపు మాయమైపోయి కండరాల్లోకి వెళ్లి దాక్కుంటుంది. ముఖ్యంగా గుండె కండరంలోకి. పదేళ్లు, ఇరవై ఏళ్లు, ముప్పై ఏళ్లు ఏమీ ఉండదు. క్రిమి ఉన్నవాళ్లలో సుమారు మూడింట రెండొంతుల మందికి జీవితాంతం ఏమీ అవ్వదు కూడా. మిగతావాళ్లలో గుండె వైరింగ్ దెబ్బతింటుంది, గుండె సాగిపోతుంది. కొంతమందికి అన్నవాహిక, పెద్దపేగు ఉబ్బిపోతాయి, ముద్ద దిగదు. కొంతమంది అసలేమీ తెలియకుండానే పొలంలో పనిచేస్తూ కుప్పకూలిపోతారు.

అంటే చూడండి, చూస్తే కనిపించే రోజుల్లో ఎవరూ చూడరు. చూడాల్సిన అవసరం వచ్చే రోజుకి అది కనిపించదు. షాగస్ వ్యాధి మీద పనిచేసిన ప్రతి డాక్టరూ ఈ గోడకే తల బాదుకున్నారు.

దీనికి బ్రూంప్ట్ 1914లో చెప్పిన ఒక టెస్ట్ గురించి చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. రక్తంలో క్రిములు మన కంటికి దొరకనంత తక్కువున్నాయి కదా. అయితే పురుగుకే అప్పజెప్దాం అన్నాడు. ల్యాబ్‌లో గుడ్ల నుంచి పెంచిన, ఏ క్రిమీ లేని పురుగుల్ని ఆకలితో ఉంచుతారు. ఒక డబ్బాలో పెట్టి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, రోగి చేతికి ఆనించి అరగంట కూర్చోబెడతారు. అవి ఆ గుడ్డలోంచే కడుపునిండా తాగుతాయి. ఒకటో రెండో క్రిములు పురుగు పొట్టలోకి వెళ్లినా చాలు, అక్కడ పిల్లల్ని పెట్టి లక్షలవుతాయి. కొన్ని వారాలాగి పురుగు పేగు చూస్తారు. రిపోర్ట్ పురుగు పొట్టలో వస్తుందన్నమాట. పీసీఆర్ వచ్చేదాకా దశాబ్దాల పాటు నిజంగానే ఇది వాడారు. అయినా పాత రోగుల్లో చాలామందిని ఇది కూడా పట్టుకోలేకపోయేది.

ఇంకో దారి, క్రిమిని వెతక్కుండా దాని మీద శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీల్ని వెతకడం. 1913లోనే గెరెయిరో, మషాడో అని షాగస్ దగ్గర పనిచేసే ఇద్దరు అలాంటి టెస్ట్ తయారుచేశారు. ఈరోజుకీ పద్ధతి అదే, టెక్నాలజీ మారింది అంతే. ఒక్క టెస్ట్ చాలదు, రెండు వేర్వేరు పద్ధతుల్లో పాజిటివ్ వస్తేనే ఖాయం చేస్తారు. ఎందుకంటే మన బీహార్ వైపు ఉండే కాలాఅజార్ క్రిమి దీనికి చుట్టం, దాని యాంటీబాడీలు చూసి కూడా టెస్ట్ మోసపోవచ్చు.

షాగస్‌ని మాత్రం ఆయన దేశంలోనే చాలామంది పూర్తిగా నమ్మలేదు. దానికి ఆయన తప్పూ కొంత ఉంది. లాసాన్స్ వైపు జనానికి గొంతు దగ్గర గాయిటర్ వాపులు ఎక్కువ, అది కూడా ఈ క్రిమి వల్లే అని గట్టిగా వాదించాడు. అది అయోడిన్ తక్కువై వచ్చేది. ఆ ఒక్క తప్పు పట్టుకుని మిగతాదంతా అనుమానించారు. 1922, 23లో రియోలో మెడికల్ అకాడమీలో పెద్ద గొడవ. అసలు ఇన్ని లక్షల మంది రోగులున్నారంటున్నావు, చూపించు అన్నారు. క్రిమిని కనిపెట్టిన పేరు క్రూజ్‌కే రావాలి అని కూడా కొందరు లేపారు. క్రూజ్ 1917లోనే పోయాడు, చెప్పడానికి లేడు. అకాడమీ కమిటీ కనిపెట్టింది షాగసే అని ఒప్పుకుంది గానీ, జబ్బు ఎంతమందికి ఉంది అన్నది తేల్చలేదు. ఆ టైములోనే, 1922లో, యూరికో విలేలాతో కలిసి ఈ జబ్బు గుండెని ఎలా పాడుచేస్తుందో ఆయన రాశాడు. వినేవాళ్లు తక్కువ. నోబెల్‌కి 1913లోనూ 1921లోనూ ఆయన పేరు వెళ్లింది. 1921లో వైద్యానికి నోబెల్ ఎవరికీ ఇవ్వలేదు. ఆయనకీ ఇవ్వలేదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. 1934లో యాభై అయిదేళ్లకే పోయాడు. అప్పటికి జబ్బుకి మందు లేదు.

పోయిన మరుసటి ఏడాదే, 1935లో, అర్జెంటీనాలో సెసిలియో రొమాన్యా అనే డాక్టర్ ఒక విషయం గట్టిగా చెప్పాడు. పిల్లాడికి ఒక కన్ను మాత్రమే వాచి, నొప్పి లేకుండా, జ్వరం ఉంటే, వెంటనే రక్తం చూడండి అన్నాడు. అంతే, మైక్రోస్కోప్ లేని పల్లెటూరి డాక్టర్‌కి కూడా ఒక గుర్తు దొరికింది. కేసులు వందల్లో బయటపడ్డాయి. 1940ల్లో బ్రెజిల్‌లోని బంబుయి అనే ఊళ్లో ఎమ్మాన్యుయెల్ డియాస్, ఫ్రాన్సిస్కో లరాంజా అని ఇద్దరు, ఒకాయన ఈ జబ్బు మనిషి, ఒకాయన గుండె డాక్టర్, ఈసీజీ మెషీన్ పట్టుకుని పల్లె జనం గుండెలు చదివారు. షాగస్ చెప్పిన గుండె జబ్బు అప్పుడు కాగితం మీద గీతల్లో కనిపించింది. ఇక కాదనడానికి లేదు.

ఇక మందు. 1960ల చివర్లో, 70ల మొదట్లో రెండు మందులు వచ్చాయి, నిఫుర్టిమాక్స్, బెంజ్‌నిడజోల్. ఈరోజుకీ ఆ రెండే. మనం ఫోన్ ఏడాదికొకటి మారుస్తాం, వీళ్లకి యాభై ఏళ్లుగా అవే మాత్రలు. మామూలుగా అరవై రోజులు వేసుకోవాలి. ఒంటి నిండా దద్దుర్లు రావచ్చు, కాళ్లూ చేతులూ తిమ్మిర్లెక్కవచ్చు, మధ్యలో మానేసేవాళ్లు చాలామంది.

పనిచేస్తాయా మరి? ఈ జవాబు కోసం రెండు ట్రయల్స్ చెప్పాలి. మొదటిది బ్రెజిల్‌లో గోయాస్ రాష్ట్రంలో, ఆనా లూసియా అండ్రాడే టీమ్ చేసింది, 1996లో వచ్చింది. ఏడు నుంచి పన్నెండేళ్ల స్కూలు పిల్లలు 129 మంది. సగం మందికి బెంజ్‌నిడజోల్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర. మూడేళ్లయ్యాక మందు వేసుకున్నవాళ్లలో 58 శాతం మందికి యాంటీబాడీలు పోయాయి. ఉత్తుత్తి మాత్ర పిల్లల్లో 5 శాతం. అంతకుముందు డాక్టర్లు ఏమనుకునేవాళ్లంటే, కొత్తగా అంటుకున్నవాళ్లకే మందు, పాతబడితే దండగ. ఈ పిల్లలు ఆ మాట మార్చేశారు. ఇక తల్లి కడుపులోంచే అంటుకుని పుట్టిన పిల్లలకి, మొదటి ఏడాదిలోపు మందు ఇస్తే దాదాపు అందరికీ నయమవుతుంది.

రెండోది పెద్దవాళ్ల మీద, అప్పటికే గుండె దెబ్బతిన్నవాళ్ల మీద. పేరు బెనిఫిట్ ట్రయల్. కార్లోస్ మొరీయో, జోసే ఆంటోనియో మరీన్ నెటో నడిపించారు. ఐదు దేశాలు, 2854 మంది, సగటున ఐదేళ్లకి పైగా చూశారు. ఐదు దేశాల్లో ఎల్ సాల్వడార్ కూడా ఉంది. 2015లో రిజల్ట్ వచ్చింది. మందు వేసుకున్నవాళ్ల రక్తంలో క్రిమి తగ్గింది. కానీ చావు, పేస్‌మేకర్, హార్ట్ ఫెయిల్యూర్, పక్షవాతం లాంటివి అన్నీ కలిపి లెక్కేస్తే మందు వాళ్లలో 27.5 శాతం, ఉత్తుత్తి మాత్ర వాళ్లలో 29.1 శాతం. తేడా లేనట్టే.

దీన్ని చదివి "మందు వేస్ట్" అని రాసినవాళ్లని చూశాను. నాకు అలా అనిపించలేదు. డేటా మొత్తం కరప్ట్ అయ్యాక యాంటీవైరస్ పెడితే వైరస్ పోతుంది, ఫైళ్లు తిరిగిరావు. ఆ ట్రయల్ చెప్పింది అదే అని నా ఉద్దేశం. మందు లేటుగా ఇచ్చారు. ఎందుకు లేటు? లేటుగా తెలిసింది కాబట్టి. మళ్లీ అదే గోడ. ఇప్పటికీ ప్రపంచంలో డెబ్భై లక్షల మందిలో ఈ క్రిమి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా, వాళ్లలో ఎక్కువమందికి ఆ సంగతే తెలీదు.

ఇది నాకు తెలిసింది రాత్రి మూడింటికి. తెల్లారి ఆయన్ని కలిసి ఏమని చెప్పాలి? చాలాసేపు ఆలోచించాను. చివరికి రెండే ప్రశ్నలు అడిగాను. చిన్నప్పుడు మీ ఇల్లు ఎలా ఉండేది? వెదురూ మట్టీ కలిపి కట్టిన గోడలు, గడ్డి కప్పు. ఆ పురుగు ఫోటో ఫోన్లో చూపించాను. ఆయన ఫోన్ లాక్కుని నవ్వాడు. "ఇవి మా చిన్నప్పుడు మంచం పక్కనే. చెప్పుతో కొట్టేవాళ్లం, గోడంతా రక్తం మరకలు." తర్వాత రెండో ప్రశ్న. ఇంట్లో ఎవరైనా గుండెతో పోయారా? నవ్వడం ఆపేశాడు. వాళ్లమ్మ యాభై ఎనిమిదేళ్లకి, సంతకి నడిచి వెళ్తూ దారిలో పడిపోయింది. గుండెపోటన్నారు. అది షాగసా కాదా, ఇప్పుడు చెప్పగలిగేవాళ్లు లేరు.

ఆయన ఒక్కడే అనుకోకండి. లాస్ ఏంజెలెస్‌లో షీబా మేమాండి అనే గుండె డాక్టర్ 2007లో షాగస్ కోసమే ఒక సెంటర్ పెట్టారు. అక్కడుండే లాటిన్ అమెరికా వాళ్లని 4755 మందిని టెస్ట్ చేస్తే 1.24 శాతం మందికి ఉంది. అందులో ఎల్ సాల్వడార్ వాళ్లని విడిగా తీస్తే 3.45 శాతం. రక్తం ఇవ్వడానికి వెళ్లి తెలుసుకున్నవాళ్లు ఎందరో. అమెరికాలో 2007 నుంచి దాతల రక్తానికి ఈ టెస్ట్ చేస్తున్నారు. అది రక్తం తీసుకునేవాళ్ల కోసం పెట్టిన టెస్ట్, ఇచ్చేవాడికి ఏమైనా చేద్దామని పెట్టింది కాదు. అందుకే లెటర్ వస్తుంది, దాని వెనకాల ఎవరూ రారు.

ఆయన్ని రెండో డాక్టర్ దగ్గరికి, అంటువ్యాధుల స్పెషలిస్ట్ దగ్గరికి, తోడు వెళ్లాను. ఆవిడకి తెలుసు. రెండు పద్ధతుల్లో టెస్ట్ చేయించింది, రెండూ పాజిటివ్. ఈసీజీ, ఎకో బాగున్నాయి. అంటే గుండె ఇంకా పాడవలేదు. బెంజ్‌నిడజోల్‌కి అమెరికాలో 2017లో పర్మిషన్ వచ్చింది, అదీ రెండు నుంచి పన్నెండేళ్ల పిల్లలకే. పెద్దవాళ్లకి డాక్టర్ తన బాధ్యత మీద రాయాలి. ఆవిడ రాసింది. ఈ వయసులో పనిచేస్తుందని నేను ప్రామిస్ చేయలేను, కానీ గుండె బాగున్నప్పుడే ప్రయత్నించాలి అని కూడా చెప్పింది. డాక్టర్ అలా ఉన్నదున్నట్టు చెప్పడం నాకు నచ్చింది.

పదో రోజుకి ఆయన ఒంటి మీద దద్దుర్లు. ఆఫీసుకి ఫుల్ హ్యాండ్స్ వేసుకొచ్చేవాడు, టెక్సాస్ ఎండలో. దురద మందు ఇచ్చి కొనసాగించారు. అరవై రోజులూ పూర్తిచేశాడు. అరవయ్యో రోజు మాకు బిర్యానీ పార్టీ, ఖర్చు ఆయనది, వంట నాది, అన్నం మెత్తబడింది.

ఆ తర్వాత ఏడాది యాంటీబాడీ టెస్ట్ చేస్తే మళ్లీ పాజిటివే. పెద్దవాళ్లలో అది నెగెటివ్ అవ్వడానికి ఏళ్లూ పూళ్లూ పట్టొచ్చు, కొందరిలో అసలు అవ్వదు. నయమైందని ఇప్పటికిప్పుడు తేల్చి చెప్పే టెస్ట్ లేదు. ఇప్పుడు దీని మీద పనిచేసేవాళ్లు వెతుకుతున్నది ఎక్కువగా అదే. ఆయన ఏడాదికొకసారి ఈసీజీ తీయించుకుంటాడు, బాగుందని నాకు ఒక థంబ్స్ అప్ పెడతాడు.

బెరెనీస్ ఏమైంది అని అడుగుతారు మీరు. బతికింది. 1960ల మొదట్లో డాక్టర్లు ఆమెని మళ్లీ వెతికి పట్టుకున్నారు. రక్తంలో క్రిమి ఇంకా ఉంది. 1978లో మళ్లీ తీశారు, అప్పుడూ ఉంది. ఆ రెండుసార్లు తీసిన క్రిములు బెరెనీస్ 62, బెరెనీస్ 78 అనే పేర్లతో ఈరోజుకీ ల్యాబుల్లో వాడుతున్నారు. డెబ్భై ఏళ్లు దాటేదాకా ఉంది, గుండెకి ఏమీ కాలేదు. ఎవరికి అవుతుంది, ఎవరికి కాదు అన్నది ముందే చెప్పగలిగితే సగం సమస్య తీరినట్టే. చెప్పలేరు.

మా ఫ్రెండ్‌కి ఒక చెల్లెలుంది, హ్యూస్టన్‌లో. అదే ఇల్లు, అదే మంచం, అవే గోడలు. డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది, తోబుట్టువులకి టెస్ట్ చేయించండి అని. ఆయన రెండేళ్లు బతిమాలాడు. "నాకేం లేదు, నువ్వే అనవసరంగా మందులు మింగి ఒళ్లు పాడుచేసుకున్నావు" అంటుంది. మామూలుగా అయితే ఆమె ఇష్టం. కానీ ఆమెకి ఇద్దరు పిల్లలు, తొమ్మిదేళ్లు, ఆరేళ్లు. ఆ పిల్లలు మట్టి ఇల్లు చూడలేదు, ఆ పురుగునీ చూడలేదు. అయినా తల్లికి ఉంటే కడుపులోనే అంటుకుని ఉండొచ్చు. ఆ పిల్లల వయసు గోయాస్ స్కూలు పిల్లలకి దగ్గర్లో ఉంది. మందు పనిచేసే వయసు.

పోయిన గురువారం ఆయన నుంచి వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది. ల్యాబ్ స్లిప్. చెల్లెలి పేరు, రక్తం తీసిన తేదీ. కింద ఒక్క లైను, "చివరికి వెళ్లింది". రిజల్ట్ ఇంకా రాలేదు. వచ్చాక, వాళ్లు సరేనంటే, మీకు చెప్తాను.